ఇరవై మూడు డబ్బాలు

నెలాఖరు ఆదివారం
మా అయనావరం ఇంట్లో లెక్కల రోజు.
వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి
అరలోంచి డబ్బాలన్నీ దించుతాను.

ఇరవై మూడు.
ఇరవై రెండే అని పోయిన నెల సుదర్శనానికి చెప్పాను.
అబద్ధం కాదు,
అప్పటికి ఒకటి బీరువాలో చీరల వెనక ఉండేది.

ఆయన డికాషన్ మనిషి.
డవరాకీ టంబ్లరుకీ మధ్య మూరెడు ధార సాగదీస్తూ
"గడ్డినీళ్ళకి ఇన్ని నగల పెట్టెలా" అంటాడు.
విననట్టే మూత తీసి ముక్కు ఆనిస్తాను.

కొత్తగిరిది, చలికాలపు కోత.
బస్టాండు పక్క కొట్లో తూయించి కట్టించుకున్నది.
ఇంకా బతికే ఉంది:
కొంచెం జామకాయ, కొంచెం తడిసిన రాయి.

డార్జిలింగ్‌ది అడుగున రెండు చెంచాలు.
పాత ఆఫీసులో నా పక్క సీటు ఇప్సిత తెచ్చింది.
అయిపోయిందంటే మళ్ళీ పంపుతుంది.
అడిగినట్టుంటుందని
ఏడాదిగా అయిపోనివ్వడం లేదు.

హార్బరు దగ్గర కొన్న నల్ల అచ్చు
చైనాదన్నాడు కొట్టువాడు.
కాగితం మీద రాత నాకూ రాదు, వాడికీ రాదు.
చూపుకి పిడక,
వాసనకి వాన కురిసిన పాత పుస్తకాల గది.
పదికి ఎనిమిది. ఒక్కోసారి మూడు.

అస్సాముది పోయింది.
ఇంగువ పక్కన పెట్టింది నేనే.
ఇప్పుడు పులిహోరలోకి తప్ప దేనికీ రాదు.
అయినా పారెయ్యలేదు,
ఆ డబ్బా మీద ఏనుగు బొమ్మ బావుంటుంది.

నోటుబుక్కు ఒకటుంది.
గ్రాములు, నిమిషాలు, రంగు, మార్కులు,
చివరి గడిలో నీళ్ళు.
ఈ ఊళ్ళో టీ సంగతంతా ఆ చివరి గడిలోనే ఉంటుంది.
బోరు నీళ్ళయితే పైన తెట్టు కట్టి
కప్పు అంచుకి గోధుమరంగు గీత గీస్తుంది.
క్యాను నీళ్ళలో టీ
మాట తప్పించుకు తిరిగే చుట్టంలా పలచన.
పూండికి కృష్ణ నీళ్ళొచ్చాయని పేపర్లో పడ్డ వారం మాత్రం
కుళాయి గడిలో ఎర్ర చుక్క పెడతాను.
పదికి తొమ్మిది.
ఎప్పుడూ తొమ్మిదే.

ఇవాళ విల్లివాక్కం నుంచి మీనలోచని వచ్చింది.
ఆవిడకి నాలుక ఉంది, జాలి లేదు.
పేజీలు తిరగేసి
"ఈ మార్కులు టీకి వేశావా, ఏటికి వేశావా?" అంది.
నన్ను బాల్కనీలోకి తరిమి తలుపేసింది.

ఒకటే ఆకు, ఒకటే కెటిల్, మూడు నీళ్ళు.
"నీ కృష్ణ ఎందులో ఉందో చెప్పు."

నేను కృష్ణని చూసింది రైలు కిటికీలోంచి,
మూడుసార్లు.
అందులో రెండుసార్లు రాత్రి.

మొదటిది ఉప్పు. బోరు, అది చంటిపిల్లాడైనా చెప్తాడు.
రెండోది నాలుక మీద నిలబడలేదు.
మూడోది తాగి కళ్ళు మూసుకున్నాను.
గొంతు దిగాక కూడా ఏదో వెనక్కి తిరిగి చూసినట్టుంది.
"ఇదే."

మీనలోచని నవ్వలేదు.
భయం వేసింది అందుకే.
కప్పు ఎత్తి అడుగున చీటీ చూపించింది:
క్యాను. ముప్పై అయిదు రూపాయలు.

హాల్లోంచి సుదర్శనం ఒక్క మాటా అనలేదు.
టంబ్లరు కడుగుతున్న చప్పుడు మాత్రం
అవసరానికి మించి వినిపించింది.

పెన్ను తీసి రాశాను.
కృష్ణ, అయిదు.
కాసేపాగి, కింద
నా నాలుక, నాలుగు.
పాత ఎర్ర చుక్కల్ని కొట్టెయ్యబోయి ఊరుకున్నాను.
ఆ రోజుల్లో తాగినప్పుడు అవి తొమ్మిదే మరి.

డార్జిలింగ్ డబ్బా తెరిచి
ఆ రెండు చెంచాలూ కెటిల్లో బోర్లించాను.
"ఏ నీళ్ళు?" అంది మీనలోచని.
చూడలేదు.
చేతికందిన బిందె వంచాను.

ఎర్రగా దిగింది.
ఇద్దరం మార్కుల మాటెత్తకుండా తాగాం,
ఆవిడ రెండోసారి కప్పు చాపింది గాని కెటిల్లో లేదు.

సాయంత్రం ఇప్సిత నంబరు వెతుకుతూ
ఖాళీ డబ్బాని కడగకుండా మూత బిగించి
మళ్ళీ అరలోకి ఎక్కించాను.

ఇరవై మూడు.